చివరిసారి బాగా చూసిన వేళ

ఆ ఆస్పత్రిలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. పెద్ద డాక్టర్ల దగ్గర్నుంచి స్ట్రెచర్లు తోసేవాళ్ళ దాకా అందరికీ ఆమె స్కానింగమ్మే. మనుషుల తలల్ని యంత్రంలోకి పంపించి, లోపల ఏం జరుగుతోందో తెరమీదికి తెప్పించడం ఆమె పని. ఇరవై రెండేళ్ళుగా అదే పని చేస్తోంది కాబట్టి, మనిషిని చూడగానే ముందు ముఖం కాకుండా పుర్రె కనిపిస్తుందని తనమీద తనే జోకులు వేసుకునేది.

పక్షవాతం కేసు వచ్చిందంటే ఆమె వెంట వచ్చినవాళ్ళని ఒకే ప్రశ్న అడిగేది. "చివరిసారి బాగా ఉండగా ఎప్పుడు చూశారు?" పడిపోయింది ఎప్పుడని కాదు, బాగా ఉండగా చూసింది ఎప్పుడని. మెదడుకి వెళ్ళే రక్తనాళంలో గడ్డ అడ్డం పడిన క్షణం నుంచీ గడియారం పరిగెత్తుతుంది. గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇవ్వాలంటే నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. అందుకని ఆ టైము గంటలూ నిమిషాలతో సహా కాగితం మీద పడాలి.

జనం చెప్పే జవాబులు వింటే ఆమెకు ఒళ్ళు మండేది. "పొద్దున బాగానే ఉన్నట్టున్నాడండీ." "పడుకున్నాడేమో అనుకున్నామండీ." స్కానింగమ్మ నాలుక చప్పరించేది. నోరు ఊరుకోక అనేసేది కూడా. "ఒకే ఇంట్లో ఉంటూ ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకోరా? గోడలతోనా కాపరం చేసేది?" వాళ్ళు తల దించుకునేవాళ్ళు. మంచి మనసే ఆమెది, కాకపోతే నోరు కాస్త ముందు నడుస్తుంది.

ప్రతి శుక్రవారం మధ్యాహ్నం ఆ విభాగం వాళ్ళంతా ఒక గదిలో కూర్చుని, ఆ వారం వచ్చిన పక్షవాతం కేసుల ఫైళ్ళన్నీ ఒక్కొక్కటే చదువుకునేవాళ్ళు. ఎన్నింటికి వచ్చారు, ఎన్నింటికి స్కాన్ అయింది, ఎక్కడ ఆలస్యమైంది, ఇంకెక్కడ తొందరపడొచ్చు. టైములు పైకి చదివేది స్కానింగమ్మే. రాసింది ఆమె, ఆ రాత ఆమెకు తప్ప ఇంకెవరికీ అర్థం కాదు మరి.

ఇక ఇంటి సంగతి. భర్త దర్జీ. ఇంటి ముందుగదే దుకాణం. మెడలో టేపు, నోట్లో గుండుసూదులు, ఇదీ ఆయన వేషం. ఆ సూదుల మధ్యనుంచే మాట్లాడేవాడు, పాడేవాడు, నవ్వేవాడు. సగం మాటలు గొణుగుళ్ళే. కస్టమర్లకి అర్థంకాకపోతే లోపల్నుంచి ఆమె అనువాదం చేసి పెట్టేది.

ఇద్దరికీ పిల్లల్లేరు, పంతాలున్నాయి. గొడవ పడితే మాటలు బంద్. ఆ ఇంట్లో అదొక పద్ధతి. ఎవరు ముందు మాట్లాడితే వాళ్ళు ఓడిపోయినట్టు. ఓడినవాళ్ళు వారం రోజులు గిన్నెలు తోమాలి. పాతికేళ్ళ కాపరంలో నూటికి తొంభైసార్లు ఓడింది దర్జీయే. ఓటమి ఒప్పుకోవడానికి ఆయనకో దారి ఉండేది. కస్టమర్లకని దుకాణంలో పెట్టుకున్న కెటిల్లో టీ కాచి, ఆమె నీలం కప్పులో పోసి, తెచ్చి ఆమె వెనక నిలబడి గొంతు సవరించుకునేవాడు. ఆమె కావాలని కాసేపు వెనక్కి తిరిగేది కాదు. ఆ కాసేపూ గెలుపు రుచి చూడ్డానికి.

ఈసారి గొడవ ఆదివారం సాయంత్రం మొదలైంది. కారణం వింటే నవ్వొస్తుంది. ఆమె ఆస్పత్రి కోటు అంచు ఊడిపోయి మూడు నెలలైంది. కుట్టమని చెప్పీ చెప్పీ విసిగి, ఆమె స్టేప్లర్‌తో పిన్నులు కొట్టుకుని వెళ్ళింది. దర్జీ పెళ్ళానివై ఉండి ఇదేం అవతారం అని ఆస్పత్రిలో అందరూ ఆటపట్టించారు. ఆ ఉడుకుమోతుతనం తీసుకొచ్చి, దుకాణంలో కస్టమర్ కూర్చుని ఉండగానే మొగుడి మీద కుమ్మరించింది.

"ఊరందరికీ కుడతారు. ఇంట్లోదానికి మాత్రం చేతులు రావు."

దర్జీ నోట్లో సూదులతోనే నవ్వాడు. "కుడతానోయ్. గుర్తుండి చావట్లేదు. కావాలంటే నా తల తీసుకెళ్ళి నీ మెషిన్‌లో పెట్టి చూడు, లోపల ఏముందో."

"చూడక్కర్లేదు. ఖాళీయే," అంది స్కానింగమ్మ.

కస్టమర్ పగలబడి నవ్వాడు. దర్జీ నవ్వు మాత్రం ఆగిపోయింది. సూదులు ఒక్కొక్కటే నోట్లోంచి తీసి డబ్బాలో వేశాడు. అక్కడితో మాటలు బంద్.

సోమవారం, మంగళవారం అలాగే గడిచాయి. ఒకరు ముందుగదిలో ఉంటే ఒకరు వంటింట్లో. కంచాలు విడివిడిగా. ఎదురుపడితే ఆమె గోడ వైపు చూసుకుంటూ వెళ్ళిపోయేది. తప్పు తనదేనని ఆమెకు తెలుసు. పరాయివాడి ముందు అనకూడని మాట. తెలిసే కొద్దీ పంతం ఇంకాస్త బిగిసింది, ఎందుకో అలాగే జరుగుతుంది. ఎలాగూ ఆయనే వస్తాడులే, ఎప్పుడూ ఆయనే కదా వచ్చేది అనుకుంది.

బుధవారం పొద్దున తలుపు వెనక కొక్కేనికి ఆమె కోటు కనిపించలేదు. కక్షకొద్దీ దాచేశాడనుకుని, ఆస్పత్రి బీరువాలో ఉన్న రెండో కోటు వేసుకోవచ్చులే అని మూతి ముడుచుకుంది. సింకు దగ్గర నిలబడి టిఫిన్ డబ్బా కడుక్కుంటుంటే వెనక అడుగుల చప్పుడైంది. ఒక చెప్పు నేలకి రాసుకుంటున్న చప్పుడు. వచ్చాడన్నమాట! ఆమె పెదాల మీద నవ్వు మొలిచింది. తిరగలేదు.

వెనకనుంచి ఏదో గొణుగుడు. నోట్లో సూదులు పెట్టుకునే వచ్చినట్టున్నాడు, ఓడిపోయేటప్పుడు కూడా ఎంత బెట్టో అనుకుంది. అంతలో కప్పు నేలమీద పడి భళ్ళున పగిలింది. ఓహో, విసిరికొట్టడం కూడా మొదలైందా! ఆమె నవ్వు ఆరిపోయింది. కుళాయి కట్టేసి, సంచీ భుజాన వేసుకుని, వెనక్కి చూడకుండా వంటింటి తలుపులోంచి అటే మెట్లు దిగి వెళ్ళిపోయింది. సింకు మీది గోడ గడియారంలో ఏడు నలభై.

మధ్యాహ్నం మూడున్నరకి స్కానింగ్ గది తలుపులు తెరుచుకుని స్ట్రెచర్ లోపలికి వచ్చింది. స్కానింగమ్మ అలవాటు ప్రకారం కాగితం, పెన్ను అందుకుని ముందుకు నడిచింది. స్ట్రెచర్ మీద మనిషి మెడలో టేపు ఉంది. కుట్టు టేపు.

దర్జీయే. ముఖం కుడివైపు జారిపోయి ఉంది. కళ్ళు ఎడమవైపుకి తిరిగి నిలిచిపోయాయి. స్ట్రెచర్ పక్కన దర్జీ చెల్లెలు ఏడుస్తూ నిలబడి ఉంది. వీధి చివర ఇల్లు ఆమెది.

"జాకెట్ తీసుకుందామని మూడింటికి వెళ్ళాను వదినా. మిషన్ పక్కన కింద పడి ఉన్నాడు అన్నయ్య. పలకడంలేదు. ఎంత పిలిచినా పలకడంలేదు."

నరాల డాక్టరు పరిగెత్తుకుంటూ వచ్చాడు. చిన్నవాడు, ఆమెను అక్కా అని పిలుస్తాడు. పేషెంటు ఎవరో తెలిసి ఆమె ముఖంలోకి చూశాడు. అయినా అడగాల్సిందే అడిగాడు.

"అక్కా, చివరిసారి బాగా ఉండగా ఎప్పుడు చూశారు?"

ఇరవై రెండేళ్ళుగా తను అడిగిన ప్రశ్న. ఆమె తడుముకోలేదు.

"ఏడు నలభై. పొద్దున. బాగానే ఉన్నారు. కోపంలో ఉన్నారు, కప్పు విసిరికొట్టారు."

"మాట బాగానే ఉందా?"

"నోట్లో సూదులున్నాయి. ఎప్పుడూ అంతే." చెప్పేసింది. తనే కాగితం మీద రాసింది కూడా. బుధవారం, ఏడు నలభై.

పక్కనున్న కుర్ర టెక్నీషియన్ ఆమెను కూర్చోమన్నాడు. ఆమె వినలేదు. "నా మెషిన్. నేనే తీస్తాను," అంది. ఆయన తలను రెండు చేతులతో పట్టుకుని దిండు గుంటలో సర్దింది. మూడు రోజుల తర్వాత ముట్టుకోవడం అదే. మెడలోంచి టేపు తీసి తన జేబులో పెట్టుకుంది.

మొదటి స్కాన్‌లో రక్తస్రావం లేదు. రక్తం ఉంటే తెల్లగా కనిపించేది. రంగు మందు ఎక్కించి తీసిన రెండోదాంట్లో, ఎడమవైపు పెద్ద రక్తనాళం మధ్యలో ఎవరో కత్తిరించినట్టు ఆగిపోయి ఉంది. అక్కడుంది గడ్డ.

"ఎనిమిది గంటలైపోయింది. ఇంజెక్షన్ టైము దాటింది," అన్నాడు డాక్టరు. "మూడోది చూద్దాం అక్కా. గడియారాన్ని నమ్మి వదిలేసే రోజులు కావివి."

మూడో స్కాన్ రెండేళ్ళ కిందటే వచ్చింది ఆ ఆస్పత్రికి. మెదడులో ఎక్కడికి రక్తం ఎంతసేపట్లో చేరుతోందో లెక్కగట్టి కంప్యూటరే రంగులు వేస్తుంది. చచ్చిపోయిన భాగం ఎరుపు. రక్తం అందక అల్లాడుతూ, ఇప్పుడు కాపాడితే బతికే భాగం ఆకుపచ్చ. ఒకప్పుడు ఆలస్యమైందని పంపించేసినవాళ్ళు ఎందరో ఈ రంగుల పుణ్యమా అని లేచి నడుచుకుంటూ ఇంటికి వెళ్ళారు. వాళ్ళందరి బొమ్మలూ ఆమె చేతుల మీదుగా వచ్చినవే. రంగులు పడేదాకా ఆమె తెరమీంచి కళ్ళు తిప్పలేదు. చూడక్కర్లేదు, ఖాళీయే అన్న మాట చెవిలో గింగురుమంటోంది.

ఖాళీ ఎక్కడ, నిండుగా ఉంది. ఎడమవైపు ముందు భాగంలో నిమ్మకాయంత ఎరుపు. దాని చుట్టూ బోలెడంత ఆకుపచ్చ.

"చాలా ఉంది అక్కా, కాపాడుకోవడానికి!" డాక్టరు గొంతులో ఉత్సాహం. "గడ్డ లాగేద్దాం."

ఆమె ఎరుపు వైపే చూస్తోంది. నోటికి మాట అందించేది ఆ చోటే. నడక లేకపోయినా ఫరవాలేదు, చెయ్యి రాకపోయినా నేను అన్నం పెడతాను, ఆ నోటివెంట ఒక్క మాట వస్తే చాలు. ఆమె కోరుకున్నది అంతే. ఏమోయ్ అని పిలిస్తే చాలు. తిడితే ఇంకా మంచిది.

తొడ దగ్గర్నుంచి సన్నటి గొట్టాన్ని మెదడు దాకా పంపి, దాని చివర తీగ వలతో గడ్డను పట్టి బయటికి లాగారు. నలభై నిమిషాల పని. డాక్టరు గాజుగుడ్డ మీద పెట్టి చూపించాడు. మిరియం గింజంత లేదు. పాతికేళ్ళుగా తోడున్న మనిషిని పడగొట్టిన వస్తువు అదా అని ఆమె నోరు తెరుచుకుని చూసింది. ఆ సాయంత్రమే దర్జీ కుడిచేతి వేళ్ళు కదిలాయి, బొటనవేలూ చూపుడువేలూ, సూది పట్టుకున్నట్టు. ఆడపడుచు చప్పట్లు కొట్టబోయి ఏడ్చేసింది. స్కానింగమ్మ ఆయన చెవిలో వంగి, "నేనే ముందు మాట్లాడుతున్నాను. నేను ఓడిపోయాను. గిన్నెలు నేనే తోముతాను, వారం కాదు, ఎన్నాళ్ళైనా సరే. ఇక పలకండి," అంది. ఆయన పలకలేదు. కానీ కళ్ళు ఆమె వైపు తిరిగాయని ఆమెకు అనిపించింది. నిజంగా తిరిగాయో, ఆశ తిప్పిందో.

గురువారం పొద్దున మళ్ళీ స్కాన్. గడ్డ తీసిన మర్నాడు అందరికీ తీస్తారు. తెరమీద, నిన్న ఎరుపు ఉన్నచోట తెల్లటి మచ్చ కనిపించింది.

"రంగు మందే అయ్యుంటుంది అక్కా," అన్నాడు డాక్టరు, తనని తాను నమ్మించుకుంటున్నట్టు. "నిన్న ఎక్కించింది అక్కడే నిలిచిపోయి ఉంటుంది. చాలామందిలో చూశాం కదా."

మందైనా తెల్లగానే ఉంటుంది, రక్తమైనా తెల్లగానే ఉంటుంది. పాత యంత్రమైతే ఇంకో రోజు ఆశతో గడిచిపోయేది. కొత్తది రెండు రకాల కిరణాలతో తీసి, మందునీ రక్తాన్నీ విడదీసి చూపిస్తుంది. అది వచ్చిన రోజు సంబరపడి అందరికీ మిఠాయిలు పంచింది స్కానింగమ్మే. ఇప్పుడు మీట మీద వేలు పెట్టి నొక్కలేక నిలబడిపోయింది. చివరికి నొక్కింది. మందు మాత్రమే కనిపించే బొమ్మలో ఏమీ లేదు. రెండో బొమ్మలో మచ్చ అలాగే ఉంది.

రక్తమే. చచ్చిపోయిన చోటికి మళ్ళీ ఒక్కసారిగా వచ్చిపడిన రక్తం, నాళాల గోడలు ఆగక చిమ్మేసింది. మధ్యాహ్నానికి అది రెండింతలైంది. ఆపరేషన్ చేసేవాళ్ళు వచ్చి చూసి, కోసినా లాభం లేదన్నారు. ఇక ఎదురు చూడాలన్నారు. ఎదురు చూడాలి అంటే ఏమిటో ఆస్పత్రిలో పనిచేసేవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు.

సాయంత్రం ఆయన బట్టలు తెద్దామని ఆమె ఇంటికి వెళ్ళింది. ముందుగదిలో లైటు వెలుగుతూనే ఉంది. ఆయన పొద్దు పొడవకముందే వేసుకునే లైటు. మిషన్ సూది కింద తెల్లగుడ్డ కనిపించింది. ఆమె కోటే. స్టేప్లర్ పిన్నులన్నీ ఒక్కొక్కటే ఊడదీసి, చిన్న గిన్నెలో వేసి పెట్టాడు. అంచు కుట్టడం మొదలుపెట్టాడు. మూరెడు దూరం గీత గీసినట్టు తిన్నగా ఉంది కుట్టు. తర్వాత కాస్త పక్కకి ఒరిగింది. తర్వాత వంకర్లు తిరిగింది. తర్వాత అంచు దాటి గుడ్డ మధ్యలోకి వెళ్ళిపోయి ఆగింది.

పాతికేళ్ళలో ఆయన వేసిన వంకర కుట్టు అదొక్కటే. ఆమె దాన్ని చూపుడువేలితో చివరిదాకా తడిమింది. అప్పుడే చెయ్యి పోయింది. కప్పు తేవడానికి ముందే.

వంటింట్లోకి వెళ్ళింది. గుమ్మం దగ్గర టీ ఎండి నల్లగా కట్టుకుపోయి ఉంది. పెంకులు నీలం రంగువి. ఆమె కప్పు. విసిరికొట్టడానికి తెచ్చింది కాదది. కుట్టు వంకర్లు పోతుంటే ఏమవుతోందో తెలియక, భయపడి, అయినా సరే టీ కాచి, మొద్దుబారిన చేత్తో పట్టుకుని, కాలీడ్చుకుంటూ వచ్చి ఆమె వెనక నిలబడ్డాడు. గెలుపు రుచి చూడ్డానికి ఆమె వెనక్కి తిరగలేదు. ఆమె వెళ్ళిపోయాక ఎలాగో మిషన్ దాకా చేరి అక్కడ పడిపోయాడు. తిరిగి ఉంటే ముఖం జారడం ఒక్క చూపులో పట్టేసేది. ఎంతమంది ముఖాలు పట్టలేదు! ఇక్కణ్ణుంచి ఆ యంత్రం పావుగంట దూరం. ఎనిమిదింటికి ఎరుపు ఆవగింజంత ఉండేదేమో. ఇంజెక్షన్‌తోనే సరిపోయేదేమో.

నేలమీద కూర్చుని గుండెలు బాదుకుని ఏడ్చింది. పెంకులు ఏరుతుంటే వేలు తెగింది. అది కూడా చూసుకోలేదు.

తిరిగి ఆస్పత్రికి వచ్చాక ఆ కోటు వేసుకునే ఆయన మంచం పక్కన కూర్చుంది. ఆదివారం నుంచి దాచుకున్న మాటలన్నీ చెప్పింది. క్షమించమని అడిగింది. ఎవరి జాకెట్ ఎవరు తీసుకెళ్ళారో, ఏ కస్టమర్ ఫోన్ చేశాడో చెప్పింది. నర్సు వచ్చి భుజం మీద చెయ్యి వేసి, "ఆయనకి వినబడదమ్మా," అంది. "తెలుసు," అంది స్కానింగమ్మ, ఆపకుండా చెబుతూనే. ఆ గదిలో ఇప్పుడు మాట్లాడేది ఆమె ఒక్కతే. సోమవారం మధ్యాహ్నం, ఆమె ఏదో చెబుతుండగానే, ఆయన ఊపిరి ఆగింది.

తర్వాతి శుక్రవారం ఫైళ్ళు చదివే గదికి ఆమె వచ్చింది. రావద్దని అందరూ చెప్పి చూశారు. నరాల డాక్టరు ఆ ఒక్క ఫైలూ పక్కన పెట్టేశాడు. ఆమె చెయ్యి చాపి తీసుకుంది. ఒంటిమీద వంకర కుట్టున్న కోటు.

"ఇది నా చేతిరాత. నాకే అర్థమవుతుంది," అని మొదలుపెట్టింది. ఆస్పత్రికి వచ్చింది మూడు ఇరవై ఏడు. మొదటి స్కాన్ మూడు ముప్పై నాలుగు. గడ్డ తీసింది నాలుగు యాభై. ఎక్కడా ఆలస్యం లేదు. అందరి పనీ బాగుంది.

"చివరిసారి బాగా ఉండగా చూసిన టైము," అని ఆగింది. తర్వాత, "ఆదివారం సాయంత్రం, ఆరున్నర," అంది.

గదిలో ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. డాక్టరు ముందుకు వంగి మెల్లగా అన్నాడు. "బుధవారం ఏడు నలభై అని కదా అక్కా, మీరే రాశారు."

"అది తప్పు. దిద్దండి," అంది స్కానింగమ్మ. "బుధవారం నేను ఆయన వైపు తిరగలేదు."